త్వర వేరు, తత్తరపాటు వేరు: జపాను పలుకుబడి

ఒక జాతి వేగమును దాని రైళ్లను చూచి కొలువవచ్చును. కాని ఆ వేగమునుగూర్చి ఆ జాతి ఏమనుకొనుచున్నదో తెలియవలెనన్న దాని మాటలను వినవలెను. జపాను భాషలో త్వరను తెలుపు మాటలు పెక్కు కలవు. వానిలో కొన్నింటిని ఇచ్చట పరిశీలింతము.

'ఇసొగు' అనగా త్వరపడుట. చేరవలసిన చోటు ఎదుట నుండగా అడుగుల వేగము పెంచుట. ఇందులో నింద లేదు. 'అవతెరు' అనగా తత్తరపడుట, కంగారుపడుట. మనిషి కూర్చున్నచోటనే యుండి తత్తరపడవచ్చును. తత్తరపాటు లేకుండ ఎంతయో వేగముగ నడువనూవచ్చును. మూడవది 'సెకు': ఓపిక చాలక మనస్సు ముందునకు ఉరుకుట. 'సెక్కచి' అను మాట దీనికి చుట్టమే. ప్రతి పనికిని తొందరపడు మనిషికి అది పేరు.

మనకు గబగబ, చకచక యున్నట్లే వారికిని ధ్వనితోనే భావము తోపించు మాటలు కలవు. జాగు చేయక పని చక్కబెట్టుట 'సస్సతొ'. నిలుకడలేని తొందర 'సెకసెక'. కుదురుగ నిలువక హడావుడిగ వెడలిపోవుట 'సొసొకుస'. ఏమి చేయుటకును తోచని తబ్బిబ్బు 'అతఫుత'. వీనిలో మొదటిది మెచ్చుకోలునకు పనికివచ్చును. తక్కినవానిలో చిన్న చురక యున్నది.

వ్రాతలో మరియొక విశేషము కలదు. ఇసొగు, అవతెరు అను మాటలకును, తీరిక లేకుండుటను తెలుపు 'ఇసొగషీ' అను మాటకును వాడు చీనా అక్షరములు మూడింటిలోను హృదయపు గుర్తు కనబడును. మూడవదానిలో హృదయము ప్రక్క నశించుట అను అర్థముగల గుర్తు చేరినది. ఆ గుర్తు ప్రధానముగ ధ్వనికొరకు చేర్చినదే యైనను, తీరిక లేనివాడు మనస్సును పోగొట్టుకొనునని జపానువారు దానికి అర్థము చెప్పుకొందురు.

'ఇసొగబ మవరె' అనునది వారి ప్రసిద్ధమైన సామెత. త్వరపడువాడవైతే చుట్టుదారిని పొమ్మని దాని భావము. దీనిని బివ సరస్సుతో ముడిపెట్టి చెప్పుదురు. పూర్వము క్యోతో నగరమునకు పోవు బాటసారులు యబసె రేవున పడవ యెక్కి సరస్సు దాటినచో దారి కలిసివచ్చెడిది. కాని హియెయి పర్వతమునుండి విసరు గాలికి పడవలు ఆగిపోవుటయు, మునుగుటయు కలదు. సెత వంతెనమీదుగ నడచినవాడు ఆలస్యముగనైనను తప్పక చేరెడివాడు. ఈ సామెత త్వరను నిషేధించుట లేదు; త్వరకు తగిన దారిని చెప్పుచున్నది.

ఉత్తరములలో త్వర ఒక మర్యాదకు లోబడును. జపాను లేఖ ఋతువునుగూర్చిన పలకరింపుతో మొదలగుట ఆచారము. అది వదలినవారు 'జెన్ర్యకు', అనగా ముందుమాటలు విడిచితిమని వ్రాసి, చివర 'సోసో', అనగా హడావుడిగ వ్రాసితిమని ముగింతురు. తొందరను దాచక ఒప్పుకొనుటయే ఇచ్చట మన్నింపు.

రైళ్లలోను ఇదే తీరు. 1964 అక్టోబరు 1న తొకైదో షిన్‌కన్‌సెన్ ప్రారంభమైనప్పుడు, అంతకుముందు 6 గంటల 30 నిమిషములు పట్టిన తోక్యో-ఒసాకా ప్రయాణము 4 గంటలకు తగ్గినది. వేగపు బండికి పేరు 'తొక్క్యూ', అనగా ప్రత్యేక త్వర. అయినను ప్లాట్‌ఫారముమీద వినబడు విన్నపము, పరుగున వచ్చి బండి యెక్కవలదనియే. బండి త్వరపడవచ్చును, ప్రయాణికుడు తత్తరపడరాదు.

ఈ భేదము ప్రాణముల మీదికి వచ్చుటయు కలదు. 2007 అక్టోబరు 1 నుండి ఆ దేశపు వాతావరణ సంస్థ భూకంపపు ముందు హెచ్చరికను ప్రజలందరికిని అందించుచున్నది. వ్యవధి కొన్ని సెకనులు మాత్రమే. అప్పటి సూచన: తత్తరపడక ముందు మీ శరీరమును కాపాడుకొనుడు. సునామీ మాట వేరు. అప్పుడు పరుగు తప్పదు. సన్‌రికు తీరమున దానికి 'తెన్‌దెన్‌కొ' అను మాట కలదు. ఒకరికొకరు వేచియుండక ఎవరికివారు మెరకకు పరుగెత్తుడని భావము. 2011 మార్చి 11న కమైషి పట్టణపు బడిపిల్లలు పెక్కురు ఈ శిక్షణతోనే బ్రతికిరి. ఆ విపత్తు తరువాత జపాను ప్రసారసంస్థ యెన్.హెచ్.కె. తన సునామీ హెచ్చరికల భాషను కటువుగ మార్చుకొన్నది. 2024 జనవరి 1న నోతో భూకంపమునాడు 'ఇమ సుగు', ఇప్పుడే, తక్షణమే పారిపొండని బిగ్గరగ ఆజ్ఞాపించినది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ మన ఆంధ్రతీరమును కూడ తాకినది. 2007 నుండి హైదరాబాదులోని కేంద్రము దేశమునకు సునామీ హెచ్చరికలు పంపుచున్నది. ఆ హెచ్చరిక తీరగ్రామములకు తెలుగుననే చేరవలెను. 'కంగారుపడకుడు' అని మాత్రమే చెప్పినచో విన్నవాడు కదలకుండుటకును అవకాశము కలదు. 'పరుగెత్తుడు' అని మాత్రమే చెప్పినచో ఏ దిక్కునకో తెలియక తొక్కిసలాట కలుగవచ్చును. రెండును చెప్పవలెను, ఎటు పోవలెనో ముందు చెప్పవలెను. ఈ మాటలను అవసరము రాకమునుపే ఎంచి యుంచుకొనుట మేలని మేము తలంచుచున్నాము.