హోటలు ఉద్యోగానికి మాట తర్ఫీదు



మా పక్క వాటా వదినగారి అమ్మాయికి ఈ మధ్య ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చింది. సంతోషించడానికి బదులు ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. "వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ మంచినీళ్ళు అందించడానికా వదినగారూ, దాన్ని ఇంత చదివించింది? పైగా ముందు మాట్లాడటం నేర్పిస్తారట! మా పిల్లకి మాటలు రావా ఏమిటి?" అన్నారు.

మాటలు రావడం వేరు, ఆ పనికి కావలసిన మాట వేరు. ఆ తేడా ఏమిటో తెలుసుకుందామని తర్ఫీదు అయ్యాక ఆ అమ్మాయినే కూర్చోపెట్టి అడిగాను. విన్న తర్వాత, ఇన్నాళ్ళూ హోటలుకి వెళ్ళి తిని రావడమే గాని అక్కడివాళ్ళ పని ఏమిటో నేను చూడనే లేదనిపించింది.

అన్నట్టు, మన దేశంలో ఈ చదువుకి పునాది వేసినవాళ్ళలో ఆడవాళ్ళే ముందున్నారు. 1954లో బొంబాయిలో హోటలు, కేటరింగు విద్యాలయం వెలిసింది లీలావతీ మున్షీగారి పూనికతో, ఒక అఖిల భారత మహిళా సంస్థ ఆధ్వర్యంలోనే. తర్వాత 1982లో ఇటువంటి విద్యాలయాల కోసం కేంద్ర ప్రభుత్వం ఒక జాతీయ మండలిని ఏర్పరచింది. మన హైదరాబాదు విద్యానగర్‌లోనూ అలాంటి సంస్థ ఉంది.

ఇక తర్ఫీదు సంగతి. మాట్లాడటం నేర్పుతామని పిలిచి మొదట నేర్పేది వినడమట! బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారనుకోండి. గుమ్మం వైపున్న కుర్చీ ఒకటో నంబరు, అక్కణ్ణించి గడియారం ముల్లు తిరిగే వరసలో రెండు, మూడు, నాలుగు. ఎవరేం అడిగారో ఆ నంబరు పక్కన రాసుకోవాలి. రాసుకున్నది తిరిగి వాళ్ళకే చదివి వినిపించాలి. "పెద్దాయనకి ఉల్లి లేకుండా, పాపకి కారం తక్కువ, అంతేనాండీ?" అని. అలా చేస్తే పళ్ళాలు పట్టుకొచ్చి, "దోసె ఎవరికండీ?" అని నలుగురి మొహాలూ చూడనక్కర్లేదు.

ఇది మర్యాద కోసమే కాదు సుమండీ. కొందరికి వేరుశనగపప్పు గాని జీడిపప్పు గాని సరిపడదు. దద్దురుతో పోయేవాళ్ళున్నారు, ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. "ఇందులో వేరుశనగ ఉందా?" అని అడిగితే, తెలియకపోయినా ధీమాగా "లేదండీ" అనేవాడంత ప్రమాదకరమైన మనిషి మరొకడు లేడు. "కనుక్కుని చెబుతానండీ" అని, వంటింట్లోకి వెళ్ళి, పచ్చట్లో ఏం వేశారో, ఏ నూనె వాడారో, గరిటె మార్చారో లేదో అడిగి వచ్చి చెప్పాలి. ఒక్క మాట పొరపాటుకి అవతల ఒక నిండు ప్రాణం ఉందన్న మాట.

గది నంబరు సంగతి విని మరీ ఆశ్చర్యపోయాను. హోటల్లో దిగినవాళ్ళకి తాళం ఇచ్చేటప్పుడు నంబరు పైకి చదవకూడదట. కవరు మీద రాసి చూపించాలి. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి గది నంబరు హాల్లో పదిమంది చెవుల్లో పడితే ఎంత ముప్పో ఆలోచించండి. ఎవరైనా ఫోను చేసి, "ఫలానావిడ ఏ గదిలో ఉన్నారు?" అంటే లైను కలుపుతారే గాని నంబరు చెప్పరు.

కోపంగా ఉన్నవాళ్ళతో మాట్లాడటం నాటకం వేయించి నేర్పిస్తారు. ఒకరు కోప్పడే పెద్దమనిషి, ఒకరు సర్వరు. మాటకి అడ్డం రాకుండా చివరిదాకా వినాలి, క్షమించమనాలి, ఏం చేయబోతున్నారో, ఎంతసేపట్లో చేస్తారో చెప్పాలి. ఆ తర్వాత మళ్ళీ వచ్చి, "ఇప్పుడు బాగుందాండీ?" అని అడగాలి. ఒకసారి ఒక ఊళ్ళో, ఒక హోటల్లో నా పట్టుచీర మీద సాంబారు ఒలకబోసిన కుర్రాడు "మీరే చెయ్యి కదిపారండీ" అన్నాడు. చీర మరక పోయింది గాని ఆ మాట ఇంకా గుర్తుంది. పాపం, వాడికెవరూ నేర్పి ఉండరు.

నాకు నచ్చనిదీ ఒకటుంది. కొన్నిచోట్ల తర్ఫీదంటే చిలకపలుకుల ఇంగ్లీషే. పల్లె నుంచి పెళ్ళికి వచ్చిన ముసలమ్మ దగ్గర "గుడ్ ఈవెనింగ్ మేడమ్" అని నిలబడితే ఆవిడ బెదిరిపోదూ? "రండమ్మా, ఇలా కూర్చోండి" అంటే సరిపోయేదానికి! ఈ అమ్మాయికి నేర్పినావిడ మాత్రం, ముందు మనిషిని చూసి తర్వాత భాష ఎంచుకోమన్నారట.

ఇక వదినగారి అసలు భయం మంచినీళ్ళు అందించడం గురించి కాదని నాకు తెలుసు. ఆ నవ్వును అలుసుగా తీసుకునేవాళ్ళ గురించి. ఆ భయం ఉత్తిది కాదు. 1983లో అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి పుస్తకం రాస్తూ, జీతం కోసం మనసును అదుపులో పెట్టుకుని నవ్వడం కూడా శ్రమేనని తేల్చారు. సాయంత్రానికి కాళ్ళు నొప్పి పుట్టినట్టే మనసూ అలిసిపోతుంది. అందుకే సరైన తర్ఫీదులో నవ్వు ఎక్కడ ఆపాలో కూడా చెబుతారు. హద్దు మీరి మాట్లాడితే ఒక అడుగు వెనక్కి వేసి, "అలా మాట్లాడకండి" అని స్పష్టంగా అనడం, పైవాళ్ళని పిలవడం, గది శుభ్రం చేసేటప్పుడు తలుపు తెరిచే ఉంచడం.

చట్టమూ ఉంది. పనిచేసే చోట స్త్రీల రక్షణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం తోటి ఉద్యోగుల నుంచే కాదు, అక్కడికి వచ్చే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించే బాధ్యత యజమానిదే. పదిమందీ అంతకు పైనా పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే సంఘం ఉండాలి. దానికి అధ్యక్షురాలు ఆడమనిషే కావాలి. జరిగిన మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మీ ఇంటి పిల్ల ఇలాంటి ఉద్యోగంలో చేరబోతే జీతమెంత అన్నదాంతో పాటు, ఆ సంఘం ఉందా, రాత్రి డ్యూటీ అయ్యాక ఇంటికి ఎలా చేరుస్తారు అని కూడా అడిగించండి.

ఇవన్నీ వదినగారికి చెప్పాను. మర్నాడు పొద్దున్నే గోడ అవతల నుంచి పిలిచి, "ఆ సంఘంలో ఎవరెవరున్నారో పేర్లు రాసుకు రమ్మన్నాను వదినగారూ" అన్నారు. సోమవారం నుంచి అమ్మాయి డ్యూటీకి వెళుతోంది. రాత్రి అన్నాల దగ్గర, "అమ్మా, నీకు చపాతీలు రెండు, నూనె లేకుండా, కూరలో ఉప్పు తక్కువ, అంతేనా?" అని అడిగి మరీ వడ్డిస్తోందట.