డీజిలు కారునందలి టైమింగు బెల్టు: గృహిణు లెఱుగవలసిన సంగతులు

గృహమునందలి వస్తువులు పెక్కు తాము చెడుటకు ముందుగానే మనకు తెలియజేయును. ఊరగాయకు బూజు కనిపించును; బావిగిలక కిఱ్ఱుమనును; చేదత్రాడు పోగులు పోగులుగా విడును. మోటారుకారునందును టైర్లు అరిగినచో కంటికి గోచరించును. బ్రేకులు చెడినచో చప్పుడు చేయును. కాని డీజిలు కారు ఇంజనునకు ప్రక్కగా, మూతలోపల దాగియుండు టైమింగు బెల్టు అను రబ్బరు పట్టీకి ఇట్టి సుగుణము తఱచుగా నుండదు. అది నిన్నటివరకు నడచినట్లే నడచి నేడు తటాలున తెగును. తెగినపిమ్మట కలుగు నష్టము కుటుంబపు ఆదాయవ్యయములను తలక్రిందులు చేయగలదు. కనుక ఈ సంగతి పురుషులదని విడువక, ఇంటిలెక్కలు చూచు స్త్రీలును తెలిసికొనుట మంచిదని మా యభిప్రాయము.

ఈ బెల్టు చేయు పని కుట్టుమిషను నెఱిగిన సోదరీమణులకు సులభముగా బోధపడును. పైన సూది దిగుటకును క్రింద బాబినువద్ద కొక్కెము తిరుగుటకును పొత్తు కుదిరిననే కుట్టు పడును. ఆ రెంటిని జారనీయక కలిపి నడపుటకై 1940వ దశాబ్దమున అమెరికాలో పండ్లుగల రబ్బరు బెల్టును కల్పించిరి. 1962లో జర్మనీయందు గ్లాసు 1004 అను కారు ఇంజనునకును, 1976లో వోక్స్‌వ్యాగన్ గోల్ఫు డీజిలు కారునకును అట్టి బెల్టును అమర్చిరి.

ఇంజనులో క్రిందనుండు క్రాంకు షాఫ్టును పిస్టనులు త్రిప్పును. పైనుండు క్యాము షాఫ్టు వాల్వులను తెఱచును. క్రాంకు రెండుమారులు తిరుగునప్పటికి క్యాము ఒక్కమారు తిరుగవలెను. ఈ లెక్క తప్పకుండ కాపాడునదే టైమింగు బెల్టు. డీజిలు ఇంజనునందు నిప్పురవ్వతో పనిలేదు; గాలిని మిక్కిలిగా నొక్కగా పుట్టిన వేడిమివలననే నూనె మండును. అంతగా నొక్కవలసియుండుటచే పిస్టను పైకి వచ్చినప్పుడు మిగులు చోటు అత్యల్పము. బెల్టు తెగెనేని వాల్వులు తెఱచియున్నచోటనే నిలిచిపోవును, పిస్టను వచ్చి వానిని కొట్టును, వాల్వులు వంగును.

అన్ని డీజిలు కార్లకును బెల్టు ఉండదు. స్విఫ్టు డీజిలునకు గొలుసు గలదు. రెనో డస్టరునందలి 1.5 లీటర్ల డీజిలు ఇంజనునకు బెల్టే గలదు. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చుటతో రెనోవారు మనదేశమున డీజిలు కార్ల నమ్ముట మానిరి. కావున నేడు మనవంటివారు కొనునట్టివి ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి వచ్చినవే. వాని బెల్టు ఎప్పుడు మార్చిరో కొన్నవారికి తెలియుట అరుదు.

మా బంధువు లొకరు కుప్పమునందు కాపురముందురు. వారు అట్టి పాతకారు నొకదానిని కొనిరి. మీటరుపై అఱువదివేల కిలోమీటర్లే యుండుటచే బెల్టునకు ఇంకను గడువున్నదని అమ్మినవారు నమ్మబలికిరి. కాని కారునకు అప్పటికే ఎనిమిదేండ్లు. రబ్బరు నడచినను నడువకున్నను కాలముచేత ముదియును. మదనపల్లెనుండి 42వ నంబరు జాతీయరహదారిమీద తిరిగి పోవుచుండగా, పుంగనూరు దాటి పలమనేరు చేరకమునుపే బెల్టు తెగి కారు నిలిచిపోయెను. ఇంజను ఆగగానే స్టీరింగు బిగిసెను. బ్రేకు రాయివలె గట్టిపడెను. దైవవశమున దారి సమమైనది. అదే హార్సిలీకొండ దిగుచుండగా జరిగియున్నచో ఏమగునో ఊహింపవచ్చును. కుమార్తె కళాశాల రుసుమునకై దాచిన సొమ్ము వాల్వుల మార్పునకు వ్యయమయ్యెను.

ఈ బెల్టును ఇంటివద్దనే మార్చవచ్చునా యని కొందఱడుగుచున్నారు. మదనపల్లెలో మా యింటి ముంగిట మా వారి పూర్వవిద్యార్థియగు మెకానిక్కు ఒకడు ఈ పని చేయగా మేము దగ్గఱనుండి చూచితిమి. చూచినదానిని క్రమముగా వ్రాయుచున్నాము.

మొదట చదునైన గట్టినేలపై కారు నిలిపి బ్యాటరీ తీగను విప్పెను. జాకీతో ఎత్తి, వెంటనే ఇనుప స్టాండుపై నిలిపెను. జాకీ నొక్కదానినే నమ్మి కారుక్రింద చేయిపెట్టుట ప్రాణాపాయము. పిదప చక్రమును తీసి, ఇంజనును పట్టియుండు మౌంటును విప్పుటకు ముందు క్రింద చెక్క నాని ఇంజనునకు ఊతమిచ్చెను. మూత తీసి, క్రాంకు, క్యాము పుల్లీల గుర్తులను సరిచూచి, కంపెనీవారు చెప్పిన పిన్నులతో అవి కదలకుండ బంధించెను. అప్పుడుగాని పాతబెల్టును తీయలేదు. తీసినపిమ్మట ఏ పుల్లీని త్రిప్పరాదు.

బెల్టుతోపాటు దానిని బిగువుగా నుంచు టెన్షనరును, ఆ బెల్టుచేతనే తిరుగు వాటరు పంపును గూడ మార్చెను. పాతపంపు పిమ్మట చెడెనేని ఈ శ్రమయంతయు మరల పడవలసివచ్చును గదా! క్రొత్తబెల్టును మడువరాదు, నూనె తగులనీయరాదు. బిగువు కుదిర్చి, పిన్నులు తీసి, ఇంజనును స్పానరుతో చేతనే రెండు పూర్ణావృత్తులు మెల్లగా త్రిప్పెను. క్రాంకు రెండుమారులు తిరిగిననే క్యాము ఒకమారు తిరిగి గుర్తులు మరల కలియును. గుర్తులు కలియకున్నను, నడుమ ఏదేని అడ్డు తగిలినను, బలవంతము చేయక మొదటినుండి సరిచూడవలెను. ఈ పరీక్ష కాకుండ తాళము త్రిప్పరాదు.

దీనినిబట్టి మాకు తోచినది, చోటు మన యింటి ముంగిలియైనను, కార్ఖానాయైనను ఒక్కటే. చేయి మాత్రము ఎఱిగినదై యుండవలెను. ఆ కారునకు తగిన పిన్నులు, బిగువుల లెక్కగల పుస్తకము, స్టాండు లేనివారు దీనికి పూనుకొనరాదు.

గృహిణి చేయవలసిన పనులు మాత్రము సులభమైనవి. కంపెనీ పుస్తకములో బెల్టునకు విధించిన కిలోమీటర్లను, ఏండ్లను రెంటిని చూచి, ఏది ముందు వచ్చిన దానినే గడువుగా గ్రహింపవలెను. పాతకారు కొన్నపుడు బెల్టు మార్చినట్లు రసీదు లేనిచో మార్చలేదనియే యెంచి ముందుగా మార్పింపవలెను. ఇంజనువద్ద నూనెగాని నీరుగాని కారుచున్న ఉపేక్షింపరాదు. అది బెల్టును తినివేయును. మార్చిన తేదీని, మీటరు అంకెను లెక్కలపుస్తకములో వ్రాసి, మూతపైనను ఒక చీటి అంటింపవలెను. తీసిన పాతబెల్టును అడిగి తెప్పించుకొని చూడవలెను. ఈ వ్యయము, వాల్వులు వంగినపిమ్మట అగు వ్యయములో స్వల్పభాగమే. నెలకు కొంత చొప్పున ముందే తీసియుంచినచో గడువునాటికి ఎవ్వరికిని భారము కాదు.