శ్రీమతి సిరిమావో బండారనాయకె

లంక యన్నమాత్రముననే మనకు మండోదరియు త్రిజటయు స్మరణకు వత్తురు. ఆ ద్వీపముననే యొక గృహిణి, భర్తృవియోగశోక మింకను చల్లాఱకమునుపే రాజ్యభారమును దాల్చి, లోకమునందు ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిన స్త్రీలలో మొట్టమొదటిదయ్యెను. ఆమె చరితమును నేనెఱిఁగినంతలో విన్నవించుచున్నాను.

సిరిమావో 1916వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన రత్నపురమున సంపన్నమగు రత్వత్తె వంశమునందు జన్మించెను. కొలంబోనగరమున క్రైస్తవ సన్న్యాసినుల పాఠశాలలోఁ జదివియు స్వమతమగు బౌద్ధమును వీడలేదు. 1940లో సాలమన్ బండారనాయకెను పరిణయమాడి యిద్దఱు కూఁతులను నొక కుమారునిఁ గనెను. మగనికొఱకు వచ్చు రాజకీయవేత్తలకు విందు లమర్చుటయు, మహిళాసమితి పక్షమునఁ బల్లెలు దిరిగి స్త్రీల యోగక్షేమము లరయుటయు నామె పనులు. ఏండ్లకొలఁది యా సంభాషణలు చెవినిఁబడుచుండఁగా రాజకీయ మామెకుఁ దెలియ దనుట యెట్లు? అయినను బెక్కురు పురుషు లట్లే యనుకొనిరి!

1956లో భర్త ప్రధానమంత్రి యయ్యెను. 1959 సెప్టెంబరు 25వ తేదీన నొక బౌద్ధభిక్షువు దర్శనార్థమై వచ్చినవానివలె నింటి వసారాలోనికి వచ్చి, కాషాయమున దాఁచిన తుపాకితో నాతనిఁ గాల్చెను. మఱునాఁ డాతఁడు దివంగతుఁడయ్యెను. కాషాయమును గన్నంతనే మ్రొక్కు మనవంటివారికి గుండె జల్లుమను వార్త యిది.

పక్షమువారి కోరికపై నామె ముందునకు వచ్చి, 1960 జూలై యెన్నికలలోఁ బక్షమును గెలిపించి, శాసనసభలో సభ్యురాలు గాకున్నను సెనేటు ద్వారమునఁ బ్రవేశించి, యా నెల 21వ తేదీన ప్రధానమంత్రిత్వమును స్వీకరించెను. అప్పటి కామెవయస్సు 44 ఏండ్లు. 1962లో కొందఱు సైనికోద్యోగులును పోలీసధికారులును ప్రభుత్వమును గూలఁద్రోయ యత్నించి విఫలులైరి. ఆ యేఁటనే భారత చీనాదేశముల నడుమ యుద్ధము రాఁగా, సంధి కుదుర్పవలెనని యాఱు దేశములవారిని కొలంబోకు రావించెను.

ఇంతవఱకు స్తుతిపాత్రమే. కాని సింహళభాష యొక్కటియే రాజభాషగా నుండవలెనను భర్త శాసనము నామె కఠినముగా నమలుపఱచుటచేఁ దమిళులు మిగులఁ బరితపించిరి. 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రిగారితోఁ జేసికొనిన యొడంబడిక మఱియు నాలోచింపఁదగినది. ఆంగ్లేయులు తేయాకు తోఁటలకై మనదేశమునుండి తీసికొనిపోయిన కూలీల సంతతివారు 9,75,000 మంది యే దేశమునకును జెందక నిలిచియుండిరి. వీరిలో 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని లంకయుఁ గైకొనవలెనని నిర్ణయించి, తక్కిన 1,50,000 మందిని తరువాతి విచారణకు విడిచిరి. 1974లో శ్రీమతి ఇందిరాగాంధితో మాటలాడి వారిని సగముసగముగాఁ బంచుకొనిరి. తగవు తీర్చుట మంచిదే. అయినను వీఁపున బుట్టమోసి యాకు గిల్లుచుండిన యొక తల్లిని, "అమ్మా, నీకెక్కడ నుండవలెనని యున్నది?" యని ముందుగా నడిగినవా రెవ్వరు? దినుసులవలె మనుష్యులను భాగించిరి గదా! ఆమెయు మూవురు బిడ్డల తల్లియే కావున నాకీ సంగతి మఱింత బాధాకరముగాఁ దోఁచినది.

1965లో నోడి, 1970లో మరల గెలిచెను. మఱుసటియేఁట యువకులు తిరుగఁబడఁగా వేలమంది మడిసిరి. 1972లో సిలోను శ్రీలంక యను గణతంత్రమయ్యెను. భూమికి 50 యెకరముల పరిమితి విధించినపుడు తన కుటుంబమునకుఁ గూడ మినహాయింపు లేకుండెను. ఈ గుణము కొనియాడవలసినది. కాని దిగుమతులు తగ్గి, బియ్యము నొకయూరినుండి వేఱొకయూరికిఁ గొనిపోవుటకుఁ గూడ నిర్బంధ మేర్పడెను. ఎసటిలో వేయుటకు గింజలు లేని యిల్లాలు ప్రభుత్వమును మన్నించునా? 1977 యెన్నికలలో 168 స్థానములకుఁ బక్షమునకుఁ జిక్కినవి ఎనిమిదియే.

1980లో నెదిరిపక్షమువా రామె పౌరహక్కుల నేడేండ్లకుఁ దొలఁగించిరి; 1986లో నవి మరల లభించెను. 1994లోఁ గూఁతురు చంద్రిక దేశాధ్యక్షురాలై తల్లిని మూఁడవమాఱు ప్రధానమంత్రినిఁ జేసెను. తల్లీకూఁతు లొక్కసారి దేశము నేలుట పురాణములందును నేను జదువలేదు! 2000 ఆగస్టులో వార్ధక్యమువలనఁ బదవిని వదలి, అక్టోబరు 10వ తేదీన ఎన్నికలలోఁ దన వోటు వేసి కొలంబోకు మరలివచ్చుచు, త్రోవలో గుండెయాగి యెనుబదినాలుగవయేఁటఁ గన్నుమూసెను.