మెదక్ కెథడ్రల్ గాజు చిత్రాలు

మెదక్ కెథడ్రల్ గాజు చిత్రాలు తెలంగాణ రాష్ట్రంలోని మెదక్ పట్టణంలో ఉన్న ప్రసిద్ధ చర్చి కిటికీలలో అమర్చబడిన మూడు పెద్ద వర్ణచిత్రాలు. వీటిని స్టెయిన్డ్ గ్లాస్ చిత్రాలు అని అంటారు. యేసు క్రీస్తు పరలోకారోహణం (1927), క్రీస్తు జననం (1947), క్రీస్తు సిలువ మరణం (1958) అనునవి వీటిలోని ఇతివృత్తాలు. మూడింటినీ రూపొందించినది ఇంగ్లాండు దేశపు చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ. ఇవి గోడపై గాని, గుడ్డపై గాని వేసిన చిత్రాలు కావు. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి తయారు చేసినవి. వెలుపలి నుండి సూర్యకాంతి ప్రసరించినపుడు మాత్రమే ఇవి లోపల ఉన్నవారికి కనిపిస్తాయి. ఒకే చిత్రకారుని పని అయినప్పటికీ, మొదటి చిత్రానికి, చివరి చిత్రానికి మధ్య 31 సంవత్సరాలు గడచినవి. ఆ కాలంలోనే మెదక్ ప్రాంతపు పాలన రెండు సార్లు మారినది.

చర్చి నేపథ్యం

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదుకు వచ్చి, కొద్దికాలానికే మెదక్‌ను తన కార్యస్థానంగా చేసుకొన్నాడు. ఆయన పర్యవేక్షణలో 1914లో ప్రారంభమైన చర్చి నిర్మాణం పది సంవత్సరాలు సాగినది. అవి మొదటి ప్రపంచ యుద్ధం, కరువు కాటకాలు కలిసి వచ్చిన రోజులు. కరువు బారిన పడిన చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు ఈ నిర్మాణంలో పని, పనికి తిండి లభించినవి. ఇంగ్లాండులోని బోల్టన్ నగరానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ వాస్తుశిల్పి థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ దీనికి నమూనా తయారు చేశాడు. గోథిక్ శైలిలో నిర్మించిన ఈ భవనం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు కలిగి ఉన్నది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగినది.

గోథిక్ శైలికి, గాజు చిత్రాలకు విడదీయరాని సంబంధం కలదు. ఈ శైలిలో మొన తేలిన కమానులు, స్తంభాలు పైకప్పు బరువును మోస్తాయి. అందువలన గోడలలో ఎత్తైన కిటికీలను పెట్టుటకు వీలు కలుగుతుంది. ఐరోపాలో 12వ శతాబ్దం నుండి ఈ కిటికీలను బైబిలు కథలతో నింపుట ఆచారమైనది. చదువు రాని భక్తులకు ఇవి బొమ్మల పుస్తకం వలె ఉపయోగపడ్డాయి. మెదక్‌లోనూ చర్చి కట్టిన నాటికి చుట్టుపక్కల పల్లెలలో అక్షరాస్యులు చాలా తక్కువ.

చిత్రకారుడు

ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ (1874 - 1962) ఇంగ్లాండులోని హార్పెండెన్‌లో జన్మించాడు. బాల్యంలోనే తన అన్న నడుపుతున్న గాజు చిత్రాల కార్మశాలలో పనికి చేరి, ఆ విద్యలో శిక్షణ పొందాడు. అనంతర కాలంలో రూపచిత్రకారునిగా పేరు గడించాడు. 1937లో జరిగిన ఆరవ జార్జి పట్టాభిషేక దృశ్యాన్ని చిత్రించాడు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చిత్రపటం కూడా ఆయన కుంచె నుండి వెలువడినదే. రాజుల, అధ్యక్షుల చిత్రాలను వేసిన వ్యక్తి మెదక్ వంటి చిన్న పట్టణానికి మూడు చిత్రాలను రూపొందించుట విశేషం. సాలిస్‌బరీ స్వయంగా మెథడిస్టు సంఘానికి చెందినవాడు. మెదక్ చర్చిని నిర్మించినది కూడా ఆ సంఘపు మిషనే.

మూడు చిత్రాలు, మూడు కాలాలు

సువార్త కథా క్రమంలో జననం మొదట, సిలువ మరణం తరువాత, ఆరోహణం చివర వస్తాయి. కాని చిత్రాలు చర్చికి చేరిన క్రమం వేరు.

ఆరోహణం (1927): బలిపీఠం వెనుక కిటికీలో ఉన్నది. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యుల ఎదుట పరలోకానికి వెళ్ళుట దీని ఇతివృత్తం. చర్చి ప్రతిష్ఠ జరిగిన మూడేళ్ళకు దీనిని అమర్చారు. అప్పుడు మెదక్, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలించిన హైదరాబాదు రాజ్యంలో భాగం. చర్చి వెస్లియన్ మెథడిస్టు మిషన్ ఆధీనంలో ఉండేది.

జననం (1947): చర్చి పక్క భాగంలోని కిటికీలో ఉన్నది. ఆ సంవత్సరం ఆగస్టు 15న భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చినది. అయితే హైదరాబాదు రాజ్యం అప్పటికి భారత యూనియన్‌లో చేరలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడగా, మెదక్ చర్చి ఆ సంఘపు మెదక్ డయోసీస్‌కు కెథడ్రల్, అనగా బిషప్ పీఠం ఉన్న చర్చి అయినది. దరిమిలా 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైనది.

సిలువ మరణం (1958): జనన చిత్రానికి ఎదురుగా, రెండవ పక్క భాగంలో ఉన్నది. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడుటతో మెదక్ అప్పటికే ఆ రాష్ట్రంలో చేరి ఉన్నది. చర్చిని కట్టించిన పాస్నెట్ 1950లో మరణించినందున ఈ మూడవ చిత్రాన్ని చూడలేకపోయాడు. సాలిస్‌బరీ వయసు అప్పటికి ఎనభై దాటినది.

ఈ విధంగా నిజాం పాలనలో మొదలైన చిత్రమాల గణతంత్ర భారతదేశంలో పూర్తి అయినది. మెదక్ 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రంలో భాగమైనది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైనది. 2024 డిసెంబరు 25న చర్చి శతాబ్ది ఉత్సవం జరిగినది.

తయారీ విధానం

గాజు చిత్రం తయారీలో ముందుగా చిత్రకారుడు కిటికీ పరిమాణంలోనే కాగితంపై పూర్తి నమూనా గీస్తాడు. దాని ఆధారంగా ఏ ముక్క ఏ ఆకారంలో, ఏ రంగులో ఉండవలెనో నిర్ణయిస్తారు. గాజుకు రంగు పైపూతగా కాక, కరిగించే సమయంలోనే లోహ సమ్మేళనాలను కలుపుట వలన వస్తుంది. కోబాల్టు నీలి రంగును, మాంగనీసు ఊదా రంగును ఇస్తాయి. రాగి, ఇనుము ఆకుపచ్చ ఛాయలను ఇస్తాయి. బంగారంతోనూ, రాగితోనూ ఎరుపు రంగును సాధించవచ్చును.

ముఖాలు, వేళ్ళు, వస్త్రాల మడతలు వంటి సూక్ష్మ రేఖలను మాత్రం కుంచెతో గీస్తారు. ఇందుకు వాడే రంగు, లోహపు ఆక్సైడును గాజు పొడితో కలిపి నూరిన ముదురు రంగు మిశ్రమం. దీనిని గాజుపై పూసి, సుమారు 600 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో బట్టీలో కాలుస్తారు. అప్పుడు ఆ రేఖలు గాజులో కలిసిపోతాయి. వెండి లవణాలను పూసి కాల్చితే పసుపు, బంగారు వన్నె వస్తుంది. ఈ పద్ధతి 14వ శతాబ్దం నుండి వాడుకలో ఉన్నది.

కాల్చిన ముక్కలను ఆంగ్ల అక్షరం 'హెచ్' ఆకారపు కోత కలిగిన సీసపు పట్టీలలో ఇమిడ్చి, పట్టీలు కలిసే చోట టంకం వేస్తారు. సందులలో నీరు చొరకుండా పుట్టీ పట్టిస్తారు. ఇట్లు తయారైన పలకలను ఒకదానిపై ఒకటి కిటికీలో నిలిపి, అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీలకు కడతారు. చిత్రంలో నల్లని గీతలుగా కనిపించేవి ఈ సీసపు పట్టీలే. అవి చిత్రానికి రూపురేఖలను ఇస్తూనే బరువును కూడా మోస్తాయి.

కాంతితో సంబంధం

సాధారణ చిత్రం తనపై పడిన వెలుగును తిప్పి పంపుట వలన మనకు కనిపిస్తుంది. గాజు చిత్రం తన గుండా వెలుగును పంపుట వలన కనిపిస్తుంది. అందుచేత చర్చి లోపల ఎన్ని దీపాలు వెలిగించినా రాత్రి వేళ ఈ చిత్రాలు లోపలి వారికి నల్లగానే ఉంటాయి. అదే సమయంలో వెలుపల నిలబడిన వారికి అవి కుడి ఎడమలు తారుమారై మసకగా కనిపిస్తాయి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కాంతి మారిన కొద్దీ చిత్రంలోని రంగులు కూడా మారుతాయి. మేఘావృతమైన రోజున నీలి రంగులు, ఎండ కాసిన రోజున ఎరుపు, పసుపు రంగులు ప్రస్ఫుటంగా ఉంటాయి.

శిథిలమగుటకు కారణాలు

రంగు గాజు ఎండకు వెలిసిపోదు. ఈ విషయంలో ఇది గుడ్డపై, కాగితంపై వేసిన చిత్రాల కంటే మేలైనది. పాత కిటికీల గాజు ద్రవం వలె కిందకు జారి అడుగున మందమవుతుందని ఒక నమ్మకం ఉన్నది. అది నిజం కాదు. పూర్వపు గాజు పలకలు తయారీలోనే ఎగుడుదిగుడుగా ఉండేవి.

అసలు బలహీనత సీసంలో ఉన్నది. ఉష్ణోగ్రత పెరిగినపుడు సీసం గాజు కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. మెదక్‌లో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రికి తగ్గుతుంది. ఈ వ్యాకోచ సంకోచాలు ఏళ్ళ తరబడి సాగితే సీసం అలసి, టంకం వద్ద చీలుతుంది. పుట్టీ ఎండి రాలుతుంది. పలక తన బరువుకు తానే కుంగి పొట్ట వలె ఉబ్బుతుంది. వర్షాకాలంలో ఆ సందుల నుండి నీరు చేరుతుంది. ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బితే పక్కనున్న రాయి, గాజు పగులుతాయి. వీటికి తోడు గాలివాన, పక్షుల రెట్టలు, ధూళి, విసిరిన రాళ్ళు కూడా హాని చేస్తాయి.

సాధారణంగా సీసపు పట్టీల ఆయుష్షు నూరేళ్ళ ప్రాంతం అని నిపుణులు అంటారు. మెదక్‌లోని మొదటి చిత్రానికి 2027తో నూరేళ్ళు నిండుతాయి. గాజు చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ దానిని పట్టుకొన్న సీసానికి వయసు మీరుతున్నదని గ్రహించవలెను.

పరిరక్షణ పద్ధతులు

సీసపు కూర్పులో ఒక సౌలభ్యం కలదు. చిత్రాన్ని పలకలుగా విడదీసి, మరమ్మతు చేసి, తిరిగి అమర్చవచ్చును. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనపుడు ఇంగ్లాండులోని కాంటర్‌బరీ, ఫ్రాన్సులోని షార్త్ర్ కెథడ్రళ్ళ ప్రాచీన గాజును ఇట్లే విప్పి సురక్షిత స్థలాలకు తరలించారు. యుద్ధానంతరం తిరిగి బిగించారు.

పరిరక్షణలో పాటించే ముఖ్య నియమాలు ఇవి:

* విప్పుటకు ముందు ప్రతి పలకను ఫొటో తీసి, ప్రతి ముక్కకు సంఖ్య ఇచ్చి నమోదు చేయవలెను.
* శుభ్రపరచుటకు మెత్తని కుంచె, శుద్ధజలం మాత్రమే వాడవలెను. ఆమ్లాలు, సబ్బు, గరుకు గుడ్డలు వాడితే కుంచెతో గీసిన రేఖలు చెరిగిపోవచ్చును. ముఖంలోని కన్ను, పెదవి ఆ రేఖలే.
* పగిలిన ముక్కను పారవేయక అతికించి తిరిగి వాడవలెను. కొత్త ముక్క తప్పనిసరి అయితే దానిపై గుర్తు ఉంచవలెను.
* వెలుపల రక్షణ గాజు లేక జాలీ అమర్చినపుడు మధ్యలో గాలి ఆడే సందు ఉండవలెను. లేనిచో తేమ నిలిచి హాని కలుగుతుంది.
* ఏ మరమ్మతు అయినా తరువాతి తరం వారు తొలగించగలిగేదై ఉండవలెను.

చివరి నియమం యొక్క విలువ తెలియుటకు హైదరాబాదు రాజ్యంలోనే ఒక ఉదాహరణ కలదు. అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. మెదక్ చర్చి కట్టబడుతున్న రోజులలోనే, 1920 - 22 మధ్య, నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి లొరెంజో చెక్కోనీ, ఓర్సిని అను నిపుణులను పిలిపించి అజంతా కుడ్యచిత్రాలకు మరమ్మతులు చేయించినది. ఊడిపోతున్న పెచ్చులను వారు నిలబెట్టారు. అయితే అజంతా చిత్రాలపై రక్షణ కోసం వివిధ కాలాలలో పూసిన వార్నిష్, లక్క పూతలు క్రమంగా పసుపుబారి అసలు రంగులను కప్పివేశాయి. తరువాతి దశాబ్దాలలో పురావస్తు శాఖ రసాయన నిపుణులు వాటిని ఓపికగా తొలగించవలసి వచ్చినది. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా చిత్రానికి బరువు కాగలదని దీని వలన తెలుస్తుంది.

ప్రాముఖ్యం

మెదక్ గాజు చిత్రాలు ఆరాధనలో ఉన్న చర్చిలోనివి. వీటిని మ్యూజియంలో వలె అద్దాల పెట్టెలో భద్రపరచుటకు వీలు లేదు. ఎండ వీటికి ప్రాణం, ఆ ఎండ వేడియే వీటి సీసానికి శత్రువు. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ పండుగలకు వచ్చే వేలాది మందిలో అన్ని మతాల వారు ఉంటారు. వారు చూచుటకే ఈ చిత్రాలు ఉన్నవి. చిత్రించినవాడు 1962లో మరణించాడు. కనుక పోయిన ముక్కకు బదులు ముక్క వేయవచ్చునేమో గాని, పోయిన గీతను మరల ఆయన చేత గీయించలేము. ఎప్పటికప్పుడు పరీక్షించి, చిన్న లోపం పెద్దది కాకముందే సరిచేయుటయే వీటి పరిరక్షణకు సరైన మార్గం.