కోపమొస్తే చెయ్యెందుకు లేస్తుంది?

మనుషుల్లో ఎక్కువగా కొట్టేది ఏ వయసువాళ్లు? మీసాలు మెలేసేవాళ్లు కాదు, రెండు మూడేళ్ల బుడతలు! కెనడాలో రిచర్డ్ ట్రాంబ్లే అనే శాస్త్రవేత్త బృందం పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి తేల్చిన సంగతిది. బొమ్మ లాక్కుంటే మీ తమ్ముడు కొరికేస్తాడు. "అది నాది, ఇచ్చెయ్" అనేంత మాటలు వాడికింకా రాలేదు మరి! మీరూ తిరిగి ఒక్కటి అంటించారనుకోండి, కొట్టడం మామూలేనని నేర్చుకుంటాడు. చెయ్యి మెల్లగా పట్టుకుని ఆపి, ఆ మాటలు మీరే అందించండి. పిల్లలు చూసి నేర్చుకుంటారని 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బాండూరా ఒక గాలిబొమ్మతో చూపించారు. పెద్దలు ఆ బొమ్మను బాదడం చూసిన పిల్లల్లో చాలామంది తామూ అలాగే బాదారు.

మరి టీనేజీలో? మెదడులో భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డాలా అప్పటికే జోరుమీద ఉంటుంది. "ఆగు" అని చెప్పే నుదుటి వెనక భాగం మాత్రం పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. ఇంజన్ సిద్ధం, బ్రేకులే ఇంకా బిగించలేదన్నమాట. పిడికిలి బిగుసుకోవడం, గుండె దడ, చెవులు వేడెక్కడం ముందస్తు గుర్తులు. అప్పుడే అక్కణ్నుంచి లేచి వెళ్లిపోండి. పిరికితనమేం కాదు. నిద్ర చాలకపోయినా చిరాకు పెరుగుతుంది, రాత్రి ఫోను పక్కన పెట్టమనేది అందుకే.

మరి ముసలితనంలో? మతిమరుపు జబ్బు డిమెన్షియా వచ్చిన తాతయ్యలు, నాయనమ్మలు నొప్పి చెప్పుకోలేక, మనల్ని గుర్తుపట్టక భయంతో ఒక్కోసారి చెయ్యి విసురుతారు. వాదించొద్దు. ఎదురుగా నిలబడి, మీ పేరు చెప్పి, నెమ్మదిగా మాట్లాడండి.

మిమ్మల్నే ఎవరైనా కొడుతుంటే? నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు.