పాలపిట్టను పోల్చుకుందాం: అపోహలు – వాస్తవాలు

దసరా వచ్చిందంటే జమ్మిచెట్టుతో పాటు పాలపిట్ట కోసమూ కళ్లు వెతుకుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో రాష్ట్ర పక్షిగా ప్రకటించిన ఈ పిట్ట మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఇంకా కనిపిస్తూనే ఉంది. దాన్ని సరిగ్గా పోల్చుకునేవాళ్లే తక్కువ.

అపోహ: పాలపిట్ట దట్టమైన అడవిలోనే ఉంటుంది.
వాస్తవం: పలచటి అడవులు, చేలు, బీళ్లు దీని నెలవులు. కరెంటు తీగ మీదో ఎండుకొమ్మ మీదో కదలకుండా కూర్చుని నేలను గమనిస్తుంది. గడ్డిలో మిడత కదిలితే చాలు, కిందికి వాలి ముక్కున కరచుకుంటుంది.

అపోహ: చెరువు గట్టున కనిపించే నీలి పిట్ట పాలపిట్టే.
వాస్తవం: శామీర్‌పేట చెరువు దగ్గర చాలామంది పొరబడేది లకుముకి పిట్టను చూసి. దాని ముక్కు పొడవుగా, ఎర్రగా ఉంటుంది. గొంతు, రొమ్ము తెల్లగా, తల ముదురు గోధుమ రంగులో ఉంటాయి. పాలపిట్ట ముక్కు నల్లగా, కాకి ముక్కులా బలంగా ఉంటుంది. ముందు ముక్కు చూడండి, సగం అనుమానం అక్కడే తీరుతుంది.

అపోహ: దీని ఒళ్లంతా నీలమే.
వాస్తవం: కూర్చున్నప్పుడు వీపు, రొమ్ము గోధుమ రంగులోనే కనిపిస్తాయి. గొంతు మీద తెల్లటి సన్నని గీతలుంటాయి. నడినెత్తి, పొట్ట అడుగుభాగం నీలం. ఎగిరినప్పుడే అసలు అందం బయటపడుతుంది: రెక్కల మీద ముదురు నీలం, లేత నీలం పట్టీలు మెరుస్తాయి. ఆడ, మగ రెండూ ఒకేలా ఉంటాయి.

అపోహ: దీని ఈకలు మేతలో కలిపి పెడితే ఆవు పాలు పెరుగుతాయి.
వాస్తవం: ఇది పాతకాలపు నమ్మకం మాత్రమే. పాలు పెరగాలంటే మంచి మేత, నీళ్లు, ఆరోగ్యం కావాలి. పాలపిట్ట రైతుకు చేసే మేలు వేరే ఉంది: మిడతలను, పెంకు పురుగులను తిని పంటకు కాపలా కాస్తుంది.

అపోహ: పండగనాడు పంజరంలో చూసినా శుభమే.
వాస్తవం: ఆ పంజరం వెనుక ఉన్నది హింస. పట్టిన పిట్టల రెక్కలు కత్తిరిస్తారు, కాళ్లు కట్టేస్తారు. వాటిలో చాలా మటుకు బతకవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం, అమ్మడం నేరం.

ఈ దసరాకు డబ్బిచ్చి పంజరం ముందు నిలబడకండి. పొద్దున్నే పిల్లలను తీసుకుని పొలాల వైపు వెళ్లి తీగల మీద వెతకండి. ఎక్కడైనా పాలపిట్టను బంధించి చూపిస్తుంటే వెంటనే అటవీ శాఖకు తెలపండి.