ఎక్స్ ఫర్ జైలోఫోన్: ఆ వాద్యాన్నే నమ్ముకున్న జార్జ్ హామిల్టన్ గ్రీన్ ఏమయ్యారు?

పుదుచ్చేరి గోరిమేడులో జిప్‌మర్ ఆసుపత్రి దగ్గర ఓ బొమ్మల బండి మీద ఈ మధ్య ఒక వస్తువు కనిపించింది. రంగురంగుల రేకు పలకలు, రెండు చిన్న కర్రలు. డబ్బా మీద ‘జైలోఫోన్’ అని ఉంది.

నిజానికి అది జైలోఫోన్ కాదు. గ్రీకులో ‘జైలాన్’ అంటే కలప. చెక్క పలకలుంటేనే జైలోఫోన్. మన కాష్ఠతరంగం అన్న మాటకూ దాదాపు అదే అర్థం. రేకు పలకలైతే గ్లాకెన్‌స్పీల్ కుటుంబంలోకి వస్తుంది.

‘ఎక్స్ ఫర్ జైలోఫోన్’ అని ఎల్‌కేజీలో అందరం బట్టీ పట్టినవాళ్లమే. కానీ దాన్ని వాయించి పొట్టపోసుకునే మనిషిని చూసినవాళ్లు మనలో ఎందరు? ఒకప్పుడు అమెరికాలో అలాంటివాళ్లు స్టార్లు. వాళ్లలో పెద్ద పేరు జార్జ్ హామిల్టన్ గ్రీన్.

ఆయన 1893లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ బ్యాండ్ మాస్టర్లు. పదకొండేళ్ల వయసుకే తండ్రి బ్యాండ్ కచేరీల ప్రకటనల్లో ఆ కుర్రాణ్ని ప్రపంచంలోకెల్లా గొప్ప జైలోఫోన్ విద్వాంసుడిగా చెప్పుకునేవారు. ప్రకటన కాబట్టి కొంత అతిశయం ఉంటుందనుకోండి. తర్వాత న్యూయార్క్ చేరి, సోదరులు జో, లూతో కలిసి వందల రికార్డులకు వాయించారు.

ఇంత గిరాకీ ఎందుకు?

జవాబు సంగీతంలో కన్నా యంత్రంలో ఎక్కువగా ఉంది. 1925లో విద్యుత్ రికార్డింగ్ వచ్చేవరకు గ్రామఫోన్ కంపెనీలు మైక్రోఫోన్ వాడలేదు. కళాకారులు ఒక పెద్ద కొమ్ములాంటి గొట్టం ముందు చేరి వాయించేవారు. ఆ శబ్దపు బలంతోనే సూది కదిలి మైనం మీద గీత గీసేది. వయొలిన్ లాంటి మెత్తటి నాదం దానికి సరిగా అందేది కాదు. అందుకే లోహపు కొమ్ము తగిలించిన వయొలిన్లు కూడా తయారు చేశారు. జైలోఫోన్‌కు ఆ బాధ లేదు. దెబ్బ పడగానే టక్కుమని మోగి, వెంటనే ఆగుతుంది. అందుకే రికార్డు మీద ప్రతి స్వరమూ విడిగా వినిపించేది. మైకులు లేని రోజుల్లో మన పద్యనాటకాల్లో ఖంగుమనే గొంతున్న నటులకు గిరాకీ ఉన్నట్టే ఇదీ.

గ్రీన్ ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నారు. ర్యాగ్‌టైమ్ శైలిలో ‘లాగ్ క్యాబిన్ బ్లూస్’, ‘రెయిన్‌బో రిపుల్స్’ లాంటి రచనలు చేశారు. యాభై పాఠాల శిక్షణ కోర్సు రాశారు. 1928లో మిక్కీ మౌస్ శబ్దంతో సహా తెర మీదికి వచ్చాక, డిస్నీ తొలి శబ్ద కార్టూన్ల సంగీత బృందంలో ఈ సోదరులు కూడా ఉన్నారు. కార్టూన్‌లో అస్థిపంజరం నడిస్తే పక్కన టకటకా మోగే శబ్దం మనకు అలవాటే. ఆ పోలిక ఇంకా పాతది. ఫ్రెంచ్ స్వరకర్త సాన్ సాన్స్ 1874 నాటి ‘డాన్స్ మకాబ్ర్’లో ఎముకల చప్పుడు కోసం జైలోఫోన్‌నే వాడారు.

అయితే మైక్రోఫోన్ రావడంతో పరిస్థితి మారింది. మెల్లగా, చెవిలో చెప్పినట్టు పాడే గొంతులకూ రికార్డుల్లో చోటు దొరికింది. లోహపు పలకలతో నాదం నిలిచే వైబ్రాఫోన్ జాజ్ బృందాల్లోకి వచ్చింది. జైలోఫోన్‌తో జాజ్‌లో పేరు తెచ్చుకున్న రెడ్ నార్వో కూడా 1940లలో వైబ్రాఫోన్‌కు మారారు.

గ్రీన్ మారలేదు. 1946లో వాద్యమే వదిలేశారు. ఒక రేడియో కార్యక్రమం మధ్యలో కర్రలు కింద పెట్టి బయటికి నడిచారని తాళవాద్యకారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత కార్టూనిస్టుగా, చిత్రకారుడిగా బతికారు. 1970లో చనిపోయారు. 1971లో మొదలైన టొరంటో బృందం నెక్సస్, అందులోని బాబ్ బెకర్, ఆయన ర్యాగ్‌టైమ్ రచనలను మళ్లీ వేదికలెక్కించారు. అంతర్జాతీయ తాళవాద్యకారుల సంఘం 1983లో ఆయన్ను తమ ‘హాల్ ఆఫ్ ఫేమ్’లో చేర్చింది.

నా దృష్టిలో ఆయన నైపుణ్యం తగ్గి ఓడిపోలేదు. ఏ యంత్రం ఆయన్ను పైకి తెచ్చిందో, దాని తర్వాతి రూపానికి ఆయన అవసరం లేకపోయింది. ఇది మనకు తెలియని కథేమీ కాదు. మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాటలకు పెద్ద ఆర్కెస్ట్రాలు కూర్చుని వాయించిన కాలం ఉండేది. సింథసైజర్లు వచ్చాక అక్కడి వాద్యకారుల్లో చాలామందికి పిలుపులు తగ్గాయి. ఇవాళ జైలోఫోన్ ధ్వని కావాలంటే కీబోర్డులో ఒక మీట నొక్కితే చాలు.

మరి ఇప్పుడు దీన్ని వృత్తిగా ఎంచుకునేవాళ్ల సంగతేంటి? పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రాల్లో సాధారణంగా ‘జైలోఫోన్ వాద్యకారుడు’ అని విడిగా ఉద్యోగం ఉండదు. తాళవాద్యకారుడిగా చేరి డ్రమ్ములు, తాళాలు, గంటలు, జైలోఫోన్ అన్నీ వాయించాలి. ఎంపిక పరీక్షలో మాత్రం దీన్నుంచి తప్పించుకోవడం కష్టం. గెర్ష్‌విన్ 1935 నాటి ఒపెరా ‘పోర్గీ అండ్ బెస్’ ఆరంభంలోని జైలోఫోన్ భాగాన్ని తరచూ వాయించమంటారు. నిడివి చిన్నదే, కానీ వేగం ఎక్కువ. తెర వెనుక నుంచి వింటున్నవాళ్లకు ఒక్క తప్పు స్వరం పడినా తెలిసిపోతుంది. దానికి సిద్ధమయ్యే విద్యార్థుల్లో చాలామంది చేతులు సాధన చేసేది గ్రీన్ రాసిన ఆ యాభై పాఠాల మీదే.